లాంచీకి కొత్త మోటారు

"పోయిన మనిషి చోట్లో ఇంకో మనిషి ఎలా ఇముడుతుందండీ?" అని త్రినాథం అడిగినప్పుడు గురువుగారు చిక్కుడుపాదుకు పందిరి వేస్తున్నారు. మా గురువు విరూపాక్షయ్యగారికి ఒక అలవాటు. ప్రశ్న బరువైనదైతే నోటితో జవాబు చెప్పరు, అడిగినవాడికే ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పనికీ ప్రశ్నకీ పొంతన ఏమిటని అడిగే ధైర్యం గోదావరి మధ్యనున్న ఆ లంక ఆశ్రమంలో మాకెవరికీ ఉండేది కాదు.

త్రినాథం ఆశ్రమం లాంచీ నడిపేవాడు. పిల్లలు లేరు. భార్య సుభద్ర కాలం చేశాక మాతోనే ఉండిపోయాడు. ఆవిడ తెరచాప గుడ్డతో కుట్టి ఇచ్చిన సంచి ఒకటి, ఎక్కడికి వెళ్ళినా అతని భుజాన ఉండాల్సిందే. అన్నం వడ్డించుకుని, ఎదురుగా ఎవరో కూర్చుంటారన్నట్టు కాసేపు ఆగి, అప్పుడు కలుపుకునేవాడు.

అవతలి రేవులో భర్త పోయిన మాణిక్యాంబ అనే ఆవిడ ఉంది. ఆ సంబంధం త్రినాథం అక్క చూసింది. మాణిక్యాంబకి ఇష్టమే గాని, కార్తీకం వెళ్ళేలోగా ఏ మాటా తెలియకపోతే రాయపూర్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతానని కబురు పెట్టింది. ఇతను వెళ్ళి చూసి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట. "సుభద్ర మాట పక్కగదిలోకి వినపడేది కాదండి. ఈవిడ నవ్వితే రేవంతా వినపడుతుంది. సుభద్ర పులుసులో బెల్లం వేసేది. ఈవిడ వెయ్యదంట."

గురువుగారు పందిరికి ఆఖరి ముడి వేసి, "లాంచీకి స్టార్టర్ మోటారు కాలిపోయిందన్నావు కదా, వెళ్ళి వేరేది పట్రా" అన్నారు. లాంచీ ఇంజను చాలా పాతది. ముందు ఆ మోటారు తిరిగి దాన్ని కదిలిస్తేనే అది అందుకునేది.

త్రినాథం పాత మోటారు విప్పి, సంచిలో వేసుకుని, నాటుపడవ మీద రేవు దాటి రాజమండ్రి వెళ్ళాడు. కొట్లో దాన్ని బల్ల మీద పెట్టి, అచ్చం ఇలాంటిదే కావాలన్నాడు. కొట్టతను చాలాసేపు వెతికి అలాంటిదే తీశాడు. పొడవు, లావు, బోల్టుల రంధ్రాలు, ముందున్న పళ్ళు, అన్నీ అవే. ఆ సాయంత్రం తెచ్చి బిగిస్తే అతికినట్టు కూర్చుంది. చాలాకాలానికి అతని మొహంలో వెలుగు చూశాం. మీట నొక్కాడు. మోటారు గిర్రున తిరిగింది, ఇంజను ఉలకలేదు. మళ్ళీ నొక్కితే లోపల ఇనుము ఇనుమును కొరుకుతున్న చప్పుడు.

"అన్నీ దానిలాగే ఉన్నాయండి. ఇంకేం చూడాలో తెలీడం లేదు" అన్నాడు.

"ఆ పాతది ఎటు తిరిగేది?" అని అడిగారు గురువుగారు.

త్రినాథం పాత మోటారును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కాలిపోయిన మోటారు ఏం చెబుతుంది? పోనీ తనకైనా తెలుసా అంటే, ఇన్నేళ్ళూ మీట నొక్కడమే గాని ఇంజను మూత తీసి చూసిన పాపాన పోలేదు.

గురువుగారు పంచె ఎగ్గట్టి లాంచీలోకి దిగి మూత తీయించారు. ఇంజను వెనక పళ్ళచక్రం ఉంది. దాని అంచున మసి తుడిస్తే బాణం గుర్తు బయటపడింది. మామూలు ఇంజన్లు తిరిగే వైపు కాదు, దానికి ఎదురు వైపు. రెండు ఇంజన్లూ ఒకదానికొకటి ఎదురు వైపు తిరిగే పడవ నుంచి ఎప్పుడో ఊడదీసి తెచ్చిన ఇంజను అది. పైకి ఒకేలా ఉన్న రెండు మోటార్లలో కొత్తది అటు తిరిగేది కాదు.

మర్నాడు త్రినాథం పొద్దంతా ఆ ఇంజను పక్కనే గడిపాడు. చక్రం పళ్ళు లెక్కపెట్టుకున్నాడు, మోటారు కూర్చునే చోటు కొలుచుకున్నాడు, బ్యాటరీ ఎంతదో చూసుకున్నాడు. "ఇన్నేళ్ళు దీని మీదే కూర్చుని తిరిగానండి, దీన్ని చూడనే లేదు" అన్నాడు. ఆ మాట ఇంజను గురించేనా అని మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

ఈసారి తెచ్చినదానికి పాతదానితో ఏ పోలికా లేదు. పొట్టిగా, బండగా, నీలం రంగులో ఉంది. మీట నొక్కితే అది చేసిన గోలకి ఇసుకతిన్నె మీది కొంగలన్నీ లేచిపోయాయి. ఇంజను మాత్రం మొదటి నొక్కుకే అందుకుంది.

"గోల ఎక్కువండి" అన్నాడు త్రినాథం సిగ్గుపడుతూ.

కార్తీకం వెళ్ళడానికి ఇంకా నాలుగు రోజులే ఉంది. త్రినాథం తలస్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, అవతలి రేవుకి వెళ్ళివస్తానని లాంచీ దగ్గరికి నడిచాడు. అలవాటు చొప్పున సంచి భుజానికి తగిలించుకున్నాడు. పాత మోటారు ఇంకా అందులోనే ఉందేమో, భుజం ఒక పక్కకి ఒరిగిపోతోంది.

గురువుగారు గట్టు దిగి వచ్చి చెయ్యి చాపారు.

"అది ఇలా ఇయ్యి నాయనా. నువ్వు వచ్చేదాకా నా దగ్గరుంటుంది."