పొడి వేయని పాత్ర

విశాఖపట్నంలోని ఒక పరిశోధనాలయంలో కళాధర్ అనే యువ శాస్త్రవేత్త ఉండేవాడు. తెలివైనవాడే కానీ, తనకు నచ్చిన ఫలితం వచ్చిందంటే ఇక దాన్ని అనుమానించడం అతనికి చేతనయ్యేది కాదు.

అతను విద్యుదావేశాలున్న ఒక పాలిమర్, అంటే ప్లాస్టిక్ జాతి పదార్థం, తయారు చేశాడు. అది చూడటానికి బియ్యప్పిండిలా ఉండేది. ఆ పొడిని ఒక ద్రవంలో కలిపి, ఉక్కు పాత్రలో పోసి, కార్బన్ డయాక్సైడ్ నింపి వేడి చేసేవాడు. వాయువు ద్రవంతో కలిసి, బ్యాటరీల్లో వాడే మరో ద్రవంగా మారిపోయేది. ఫ్యాక్టరీల పొగకు మందు దొరికిందని కళాధర్ పొంగిపోయాడు.

"పొడి వేయకుండా కూడా ఒకసారి చేసి చూడు" అంది తోటి పరిశోధకురాలు నస్రీన్.

"పొడి లేకపోతే ఏం జరుగుతుంది? ఏమీ జరగదు! దానికో ప్రయోగమా?" అని నవ్వేశాడు కళాధర్.

కబురు ఒక సిమెంటు ఫ్యాక్టరీదాకా వెళ్లింది. అక్కడి పెద్ద ఇంజనీరు సుభద్రమ్మగారు స్వయంగా చూడటానికి వచ్చారు. అంతా విని, "పొడి లేకుండా కూడా చూపించండి బాబూ. తేడా కళ్లారా చూస్తే మావాళ్లకు నమ్మకం కుదురుతుంది" అన్నారు.

కళాధర్ హుషారుగా ఒప్పుకున్నాడు. పొడి వేయకుండా పాత్ర బిగించాడు. వేడి చేసి, చల్లార్చి, లోపలి ద్రవాన్ని పరీక్షించే యంత్రానికి ఇచ్చాడు. కొత్త ద్రవం తయారైందని చూపే గీత తెరమీద లేచింది. ఎప్పటిలాగే, అంతే ఎత్తుకు!

కళాధర్ తెరకు దగ్గరగా వంగి చూశాడు. "ఇదెలా... పొడి వేయలేదు కదా!" అన్నాడు.

నస్రీన్ మూత విప్పి, లోపలి రబ్బరు రింగు ఊడదీసింది. దాని కింద తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. అంతకుముందు అదే పాత్రలో వేరే ప్రయోగానికి వాడిన రసాయన ఉప్పు అది. ఇన్నాళ్లూ వాయువును ద్రవంతో కలిపింది ఆ ఉప్పే!

"ఆ ఉప్పు తగలని కొత్త పాత్రలో, పొడి వేసి చేద్దాం" అన్నాడు కళాధర్. చేశారు. ఈసారి గీత లేవనే లేదు.

కళాధర్ తలెత్తి, "క్షమించండి మేడమ్. నా పొడి పని చేయదు. నేను సరిచూసుకోకుండానే చెప్పాను" అన్నాడు.

"మా ఫ్యాక్టరీలో పెట్టాక తెలిసుంటే ఏమయ్యేవాళ్లం!" అని సుభద్రమ్మగారు వచ్చిన దారినే వెళ్లిపోయారు.

కళాధర్ ఆ పాలిమర్‌ను ఈసారి నిజంగా పని చేసేలా మార్చి, మళ్లీ మొదటినుంచి తయారు చేయడానికి కూర్చున్నాడు.

నీతి: మనకు బాగా నచ్చిన ఫలితాన్నే అందరికన్నా ముందు మనం అనుమానించి పరీక్షించుకోవాలి.