బలం లేహ్యం

జమాల్‌వలికి ఒళ్ళంతా పొలుసులు లేచాయి. మోచేతులు, మోకాళ్ళు, ఆఖరికి అరచేతులు కూడా. గోకితే నెత్తురే.

పట్నంలో డాక్టరమ్మ చూసింది. ఇది ఒకరినుంచి ఒకరికి అంటదనీ, ఒంటిని కాపాడాల్సిన బలగమే పొరబడి సొంత చర్మం మీద పడుతోందనీ చెప్పి మందులిచ్చింది. జమాల్ నమ్మలేదు. నా ఒళ్ళు నన్నెందుకు కొడుతుందని మందులు మూలన పడేశాడు.

జమాల్ శిష్యుడిగా ఉంటున్న దర్గాలో గురువు పీరుసాహెబూ శిష్యులూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తింటారు. అదే అక్కడి ఆనవాయితీ. తగ్గేదాకా పళ్ళెంలో చెయ్యి పెట్టొద్దని పెద్ద శిష్యుడు గౌస్‌మియా జమాల్ మొహానే అనేశాడు. ఏం మనుషులో! నోట్లో అల్లా పేరు, మొహంలో అసహ్యం.

జమాల్‌కి రోషం పొడుచుకొచ్చింది. ఒంట్లో సత్తువ లేకే ఈ పాట్లని తేల్చుకుని, సంతలో రోగనిరోధక శక్తి పెంచుతుందని అమ్మే లేహ్యం తెచ్చి పూటపూటా నాకాడు. పొలుసులు మెడదాకా పాకాయి. మొండివాడు, ఇంకాస్త ఎక్కువ నాకాడు.

చివరికి మూట కట్టుకుని, లేహ్యం డబ్బా పట్టుకుని పీరుసాహెబు దగ్గరికొచ్చాడు. దీంతో కూడా తగ్గకపోతే దర్గా విడిచి వెళ్ళిపోతానన్నాడు.

ఆయన అప్పుడు దర్గా నిమ్మతోటలో ఉన్నాడు. తోటలో దొంగలు పడ్డ దగ్గర్నుంచీ కాపలా కుక్క బెదిరిపోయి, అన్నం పెట్టే వాళ్ళ మీదికే దూకుతోంది. గొలుసేసి కట్టేశారు.

"ఆ లేహ్యమంతా దాని గంజిలో కలుపు" అన్నాడు పీరుసాహెబు.

జమాల్ తెల్లబోయాడు. "ఇప్పటికే మనవాళ్ళనే కరుస్తోంది హజ్రత్. దానికింకా బలమెందుకు?"

పీరుసాహెబు జమాల్ అరచేతులు పట్టుకుని తిప్పి చూపించాడు.

జమాల్ తన చేతులనూ కుక్కనూ మార్చి మార్చి చూశాడు. డబ్బా కింద పెట్టేశాడు.

"మరి దాన్ని కొట్టి తరిమేద్దామా?"

"తరిమేస్తే తోటకు కాపలా ఎవరు? నెమ్మదించనీ."

జమాల్ తన గదికి తిరిగొచ్చి మూట విప్పాడు. మూలనున్న డాక్టరమ్మ మందులు దులిపి తీశాడు.

మధ్యాహ్నం అందరికంటే ముందొచ్చి పళ్ళెం దగ్గర కూర్చున్నాడు. తగ్గాక కదా కూర్చోమన్నానని గౌస్‌మియా గొణిగాడు.

"తగ్గకపోయినా ఇక్కడే తింటాను" అన్నాడు జమాల్. పొలుసుల చేత్తోనే అన్నం కలిపాడు. కోపంతో కళ్ళు ఎర్రబడ్డాయి.

గౌస్‌మియా పీరుసాహెబు వంక చూశాడు. ఆయన తన ముందున్న మాంసం ముక్క జమాల్ వైపు జరిపి, అతను కలిపిన అన్నంలోంచే ఒక ముద్ద తీసుకున్నాడు.

"ఆకలి లేనివాళ్ళు లేవొచ్చు" అన్నాడు.