ఫిరంగి పరీక్ష

సైన్యంలో చేరవచ్చినవాళ్ల గుండెధైర్యం తేల్చే పని ఆస్థాన పండితుడు భానుశర్మది. అందర్నీ వరసలో నిలబెట్టి, చెప్పాపెట్టకుండా వెనకనుంచి ఫిరంగి పేల్పించేవాడు. బెదిరినవాణ్ణి పిరికివాడని ఇంటికి పంపేవాడు.

ఆ రోజు రాజుగారు కూడా చూడవచ్చారు. ఫిరంగి పేలింది. అందరూ కొయ్యల్లా నిలబడ్డారు. మేకలు కాసే ఓబులేసు మాత్రం పక్కనే ఉన్న పండితుణ్ణి నడుం పట్టి లాగి, గోడచాటుకు దూకాడు.

"పిరికి వెధవా!" తలపాగా దుమ్ము దులుపుకుంటూ అరిచాడు భానుశర్మ.

ఓబులేసు తల దించలేదు. "పిరికివాడైతే ఒక్కడే పారిపోతాడు సామీ. నేను మిమ్మల్నీ లాక్కొచ్చానే! పిడుగు పడ్డా సరే, పక్కనున్న మేకపిల్లను వదిలి పరిగెత్తం మేము."

రాజుగారు తన అంగరక్షకుణ్ణి పక్కకు జరగమన్నారు.

"ఓబులేసూ, ఇక నా పక్కన నువ్వు నిలబడు."