మూగమెట్టు దగ్గర చప్పట

ఏది ముందో ఏది తరువాతో నేను తారుమారు చేసి ఉండవచ్చు. జరిగినదాన్ని మాత్రం మరచిపోలేదు.

మా భజనమందిరంలో బోధించే చిన్నాంబగారికి నూకరత్నం శిష్యురాలు. రత్నం తమ్ముడు పైడయ్యకు పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదు. నలభై దాటినా పసివాడి మాటలే. మందిరంలోని పాత హార్మోనియంలో ఒక మెట్టు కొన్ననాటినుంచీ మూగది. పాటలో అది వచ్చినచోట అందరం ఒక చప్పట కొట్టి ముందుకు సాగేవాళ్లం. అందరికన్నా ముందు కొట్టేది పైడయ్యే, పెద్దగా నవ్వుతూ.

తల్లి పోయిన కొన్నాళ్లకు అతడు నవ్వడం మానేశాడు. మెల్లగా అన్నమూ మానేశాడు. గోడవైపు తిరిగి కూర్చునేవాడు. "వాడు పుట్టిందగ్గర్నుంచీ అంతే కదే! ఇప్పుడు డాక్టరెందుకు?" అన్నారు బంధువులు. మనిషి చిక్కి సగమవుతుంటే రత్నానికి భయం పట్టుకుంది.

"అమ్మా, పుట్టుకతో వచ్చినదానికి మందుంటుందా?" అని చిన్నాంబగారిని అడిగింది.

ఆవిడ వెళ్లి హార్మోనియం ముందు కూర్చుని పాట ఎత్తుకున్నారు. మూగమెట్టు దగ్గర చప్పట కొట్టాం. కాస్త ముందుకెళ్లాక ఇంకో మెట్టు పలకలేదు. అలవాటుగా అక్కడా కొట్టేశాం.

ఆవిడ వాయించడం ఆపారు. "ఇక్కడెందుకు కొట్టారే?"

"ఆ పెట్టె మొదట్నుంచీ అంతే కదమ్మా," అంది రత్నం. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చిన్నాంబగారు పెట్టె విప్పించారు. మూగమెట్టుకు లోపల గాలికి మోగే ఇత్తడి నాలుకే లేదు. రెండోదానికి ఉంది, దాని కింద ఎండిన పురుగొకటి ఇరుక్కుంది. ఊదితే పోయింది. మెట్టు పలికింది.

"మనిషికి ఊదితే పోదు. పట్నం తీసుకెళ్లు," అన్నారావిడ.

బుద్ధి ఎదగకపోవడం వేరు, ఈ దిగులుజబ్బు వేరు, దీనికి వైద్యముంది అన్నాడట డాక్టరు. మందులు వాడుతూనే రత్నం తమ్ముడి పక్కన కూర్చుని అమ్మ కబుర్లు చెప్పేది. అతడు ఏడిస్తే ఏడవనిచ్చేది. వానలు వెనకపట్టు పట్టేసరికి అడిగి అన్నం పెట్టించుకుంటున్నాడు.

ఒకనాడు భజనలో, మూగమెట్టు ఇంకా రాకముందే చప్పట వినబడింది.

"నీకు మరీ తొందర్రా పైడీ!" అని రత్నం నవ్వబోయి ఏడ్చేసింది.

పాట అయ్యాక ఎవరో అడిగారు: "అమ్మా, ఆ మెట్టుకు కూడా నాలుక వేయిద్దామా?"

"దాన్నలాగే ఉండనివ్వండి. అక్కడ కొట్టేవాడు వచ్చేశాడుగా," అన్నారు చిన్నాంబగారు.

మరదలా, తులసీ, ఆ వేళ నువ్వూ మా పక్కనే కూర్చున్నావు. పేర్లు సరిగా రాశానో లేదో ఒక్కసారి చూసిపెట్టు.