ఇరవై కోతల వీధి

“సిమెంటు రోడ్డు మీద అడ్డంగా గీతలుంటాయి కదా, అవి ఎందుకో ఎవరైనా చెప్పగలరా?” అని అడిగింది అమ్మమ్మ. బండ్లు జారకుండా అన్నాడు మనవడు. ముక్కలు ముక్కలుగా పోస్తారు కాబట్టి అవి అతుకులు అంది మనవరాలు. “ఆలోచించే చెప్పారు. కానీ సులోచన కూడా ఆలోచించే పొరపాటు పడింది,” అంటూ అమ్మమ్మ ఈ సంగతి చెప్పింది.

సులోచన చదువు ముగించి రోడ్ల పనిలో కొత్తగా చేరిన ఇంజనీరు. ఒంగోలు అవతల ఒక రేగడి ఊళ్ళో ఎనభై నాలుగు మీటర్ల వీధి ఆమెకు మొదటి పని. కాగితం మీద ఆమే పైఅధికారి గానీ, పని నేర్పేవాడు మాత్రం దానియేలు మేస్త్రి. ముప్ఫై ఏళ్ళుగా సిమెంటు రోడ్లు పోస్తున్న మనిషి. కూలీల ముందు ఆమెను మేడమ్ గారూ అనేవాడు, ఇద్దరే ఉన్నప్పుడు అమ్మాయ్ అనేవాడు. అడిగిన ప్రశ్నకు అడిగిన రోజున జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు.

తెల్లవారుజామున మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ఆరంగుళాల మందాన వీధంతా పోశారు. సాయంత్రానికి కాంక్రీటు గట్టిపడింది. అద్దంలా చదునుగా ఉన్న దాని మీద మేస్త్రి కోతమిషను పెట్టించి, నాలుగేసి మీటర్లకొకటి చొప్పున రెండంగుళాల లోతున ఇరవై గీతలు కోయించాడు. ఆ కోత చప్పుడుకు సులోచనకు పళ్ళు జివ్వుమన్నాయి.

“ఇంత కోశాం కదా మేస్త్రిగారూ, ఇక ఈ రోడ్డు పగలదుగా?” అని అడిగింది.

“మూడు రోజులాగి అడుగు అమ్మాయ్,” అన్నాడాయన.

ఆమె అలా అడగడానికి కారణముంది. నెల కిందట పక్కవీధిలో పోసిన రోడ్డుకు కోత ఆలస్యమైంది. తెల్లారేసరికి అది ఎక్కడ పడితే అక్కడ, వంకరటింకరగా పగిలింది. తనిఖీకి వచ్చిన ఆఫీసరు యంత్రం తెప్పించి మొత్తం పెకలించాడు. ఆ వీధివాళ్ళు ఇంకా బురదలోనే నడుస్తున్నారు. ఆ పని చూసిన ఇంజనీరు ఉద్యోగం పోయింది. సులోచన వచ్చింది ఆయన చోటులోకే.

మర్నాడు రోడ్డు మీద మట్టిగట్లు కట్టి, వరిమడికి పెట్టినట్టు నీళ్ళు నిలబెట్టారు. మూడో రోజు పొద్దున్నే పక్కల బిగించిన ఇనప రేకులు ఊడదీశారు. ఆఫీసరు పదింటికి వస్తాడు. సులోచన అంచు వెంట చూసుకుంటూ నడిచింది. ఒకచోట రోడ్డు పక్కన నిలువునా తడిగీత కనిపించింది. కోత కింద నుంచి నేలదాకా వెంట్రుకంత పగులు. మీది నీళ్ళు అందులోంచి ఊరుతున్నాయి. కొంచెం ముందుకు పోతే ఇంకోటి. చివరిదాకా వెళ్ళేసరికి ఏడు లెక్కకొచ్చాయి.

ఆమె ఎవరినీ పిలవలేదు. గమేళాలో ఇంత సిమెంటు కలుపుకుని, గొంతుక్కూర్చుని, ఒక్కొక్క పగులునూ వేళ్ళతో పూడ్చుకుంటూ వచ్చింది.

అరుగు మీద నుంచి సంజీవమ్మ అనే ముసలామె చూసింది. “ఏందమ్మా, గడపకు పసుపు పూసినట్టు రోడ్డుకు పూస్తన్నావు? పక్కవీధి మాదిరే మాదీ పీకుతారా ఏంది?”

సులోచన తర్వాతి పగులు దగ్గరకు జరిగింది. ఏడోది పూస్తుండగా దానియేలు మేస్త్రి వచ్చి పక్కన నిలబడ్డాడు. చూశాడు. ఒక గోనెపట్టా నీళ్ళలో ముంచి ఆమెకు అందించాడు.

“తుడువు.”

“ఇవి చూస్తే పీకిస్తారు మేస్త్రిగారూ.”

“పీకిస్తే పీకిస్తారు. ముందు తుడువు. దీనికి ఇక్కడ ఊపిరాడనియ్యకపోతే ఇంకోచోట తీసుకుంటుంది.”

ఆమెకు అర్థం కాలేదు. అయినా తుడిచింది. ఏడోది తుడవడం పూర్తవుతూ ఉండగా జీపు వచ్చి ఆగింది.

ఆఫీసరు గట్లు తెంపించి నీళ్ళు వదిలించాడు. కోతకూ కోతకూ మధ్య పైభాగమంతా వంగి వంగి చూశాడు. వీధి జనం అరుగుల మీదికి చేరారు. చివరికి సులోచనే ఉండబట్టలేక చెప్పేసింది. “ఏడుచోట్ల పగిలింది సార్. పక్కన చూడాలి.”

“చూపించండి.”

చూపించింది. ఆయన ప్రతిచోటా కూర్చుని, జేబులోని స్కేలు నిలువుగా ఆనించి చూశాడు. కోత అడుగు నుంచి నేలదాకా పగులు స్కేలు వెంట తిన్నగా దిగింది.

“ఏడేనా?” అన్నాడు.

“ఏడే సార్.”

“మూడు రోజులకు ఏడంటే మంచిదే. కోత కింద కాకుండా రెండు కోతల మధ్యలో ఉన్నాయేమో అని నేను వెతికింది.” కాగితం మీద సంతకం చేసి జీపెక్కాడు.

పిల్లలూ, రేగడిచేను ఎండితే నెర్రెలిస్తుంది కదా, కాంక్రీటూ అంతే, ఆరుతూ ముడుచుకుంటుంది. దాన్ని ఆపడం ఎవరితరమూ కాదు. కోసినచోట మందం తక్కువ కాబట్టి వంకరగా ఎక్కడపడితే అక్కడ కాకుండా అక్కడే తెగుతుంది. పైన నడిచేవాడికి తెలియదు, బండిచక్రానికీ తెలియదు.

సులోచన రోడ్డు అంచున కూలబడింది. సంజీవమ్మ మజ్జిగ పంపితే గ్లాసు రెండు చేతులా పట్టుకుని గటగటా తాగింది. కాసేపటికి లేచి, తెంపిన గట్లు మళ్ళీ ఎత్తిస్తున్న మేస్త్రి దగ్గరకు వెళ్ళింది.

“మేస్త్రిగారూ, మిగతా పదమూడూ ఎప్పుడు పగులుతాయి?”

దానియేలు నవ్వాడు. “ఇందాక దాచిపెట్టావు, ఇప్పుడేమో తొందరపెడుతున్నావు. దానికి చోటైతే చూపించాంగా అమ్మాయ్, ఎప్పుడన్నది దాని ఇష్టం.”

మనవరాలు ఇంకేదో అడగబోయింది. బట్టలు సగమే ఆరేశానంటూ అమ్మమ్మ లేచి మేడ మీదికి వెళ్ళిపోయింది.