వంతెన దగ్గర గంగులు

భానోజీ మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందు కళ్ళద్దాలు తీసి లాల్చీ అంచుతో తుడుచుకుంటారు. ఆ తుడవడం అయ్యేలోపు అడిగినవాళ్ళే ప్రశ్న మార్చుకుంటే మంచిదని ఆయన ఉద్దేశం. విజయనగరంలో ఒక పిండిమర మీద ఉన్న రెండు గదుల్లో, కంప్యూటర్ ఆటలు ఎలా తయారుచేయాలో ఆయన పదిహేనుమందికి నేర్పుతారు. ఒక బుధవారం మధ్యాహ్నం, కింద మర ఆగిన వేళ చూసుకుని, తనూజ వచ్చి ఆయన ముందు నిలబడింది.

"మాస్టారూ, ఒక్కమాటలో తేల్చండి. 'ఏడు బురుజులు' మొదటి భాగం గొప్పదా, ఐదో భాగం గొప్పదా?"

మాస్టారు అద్దాలు తుడిచారు. తనూజ ప్రశ్న మార్చలేదు. కాలేజీ వక్తృత్వ పోటీల నుంచి మూడేళ్ళు వరసగా కప్పులు మోసుకొచ్చిన పిల్ల. వేసిన ప్రశ్న వెనక్కి తీసుకోవడం ఆమెకు చేతకాదు.

నిజానికి ఆ సంగతి తేలిపోయి పన్నెండు రోజులైంది. కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉన్న లోకంలో మనమే ఒక వీరుడి వేషం కట్టి తిరిగే ఆట అది. ఇరవై ఏళ్ళలో ఐదు భాగాలు వచ్చాయి. మొదటి భాగంలో దారి చూపే గుర్తులు ఉండవు. ఎదురైనవాళ్ళని అడిగి, కాగితం మీద పటం గీసుకుంటూ నడవాలి. ఐదో భాగంలో నేల మీద బంగారు బాణం వెలుగుతూ ఎటు పోవాలో చెబుతుంది. తరగతిలో ఈ రెంటి మీదా చర్చ పెట్టుకున్నప్పుడు, తనూజ మొదటి భాగం తరఫున పదకొండు పాయింట్లు చెప్పింది. ఎదుటి పక్షాన నిలబడిన మెహరున్నీసా చెప్పింది ఒక్కటే. "ఐదో భాగంలో ఎవరూ వెనక ఉండిపోరు. మనం మర్చిపోయినా, మన తోడు వచ్చినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చి పక్కన నిలబడతారు. నాకది బావుంది."

తనూజ క్షణం కూడా ఆగలేదు. "అది ఆట కాదే మెహర్, అంగన్‌వాడీ! వేలు పట్టుకుని తీసుకెళ్ళి, మూతి తుడిచి, మళ్ళీ ఇంటి దగ్గర దింపుతుంది."

తరగతి పగలబడి నవ్వింది. మెహర్ కూడా నవ్వబోయింది, కుదరలేదు.

సాలూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న మెహర్‌ని ఆ ఊళ్ళో "ఏమే" అని పిలిచే మనిషి తనూజ ఒక్కతే. ఆ మర్నాటి నుంచి మెహర్ రాలేదు. హాస్టల్ ఖాళీ చేసి బాబామెట్టలో పిన్ని ఇంటికి పోయిందనీ, శనివారం వాళ్ళ నాన్న వచ్చి సాలూరు తీసుకుపోతాడనీ, ఇక ఈ చదువుకు రాదనీ తోటివాళ్ళు చెప్పుకున్నారు. తనూజ ఆమెకు ఒక మెసేజ్ అయితే పెట్టింది. పొరపాటు అయిందని కాదు. ఇంటికి వెళ్ళాక తట్టిన పన్నెండో పాయింటు పెట్టింది. చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి, జవాబు రాలేదు. అప్పటి నుంచీ గెలిచిన పక్షం బల్ల మీద తనూజ ఒక్కతే కూర్చుంటోంది.

మాస్టారు లేచి, మూలనున్న పాత కంప్యూటర్ మీది గుడ్డ తీశారు. అది మెల్లగా, మూలుగుతూ తెరుచుకుంది. తెర మీద పెద్ద కుస్తీ బరి. దాని మధ్యలో తల మీద కిరీటంతో ఒక వీరుడు ఒంటరిగా నిలబడి ఉన్నాడు.

"ఇది నేనే. పందొమ్మిదేళ్ళ కిందట ముప్పై ఇద్దరిని ఓడించాను."

"మరి మీ తోడు ఏడీ? మొదటి భాగంలో ఒకడు వెంట ఉండాలి కదా."

"గంగులా? ఉప్పువాగు వంతెన దగ్గర ఆగమన్నాను. దివిటీ పట్టుకుని మెల్లగా నడిచేవాడు. వాడితో వస్తే పోటీ వేళకి అందుకోలేను."

"ఆ తర్వాత?"

"గెలిచాను కదమ్మా. గెలిచాక వెనక్కి ఎవరు నడుస్తారు?"

ఆ భాగంలో ఆగమంటే ఆగడమే. మనం స్వయంగా నడిచివెళ్ళి పిలిచేదాకా ఆ మనిషి అక్కణ్ణించి కదలడు. 'ఇచ్చిన మాటకి బరువున్న ఆట' అంటూ తనూజ చర్చలో బల్ల గుద్ది చెప్పిన నాలుగో పాయింటు అదే. మాస్టారు సొరుగులోంచి ఒక చిరుగుల నోటుపుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టారు. "నీకు ఇష్టమైన భాగమే కదా. వెళ్ళి వాణ్ణి తీసుకురా."

పుస్తకంలో ఎడమ పేజీల నిండా కోడి గెలికినట్టున్న రాత మాస్టారిది. కుడి పేజీల్లో కొండలూ వాగులూ ఎంతో ఓపిగ్గా గీసిన పటాలు.

"ఇవి ఎవరు గీశారు మాస్టారూ?"

"సత్యం. నేను ఆడేవాణ్ణి, వాడు పక్కన కూర్చుని గీసేవాడు. గంగులికి ఆ పేరు పెట్టింది కూడా వాడే."

"ఇప్పుడెక్కడున్నారు?"

"ఆ దారి ఆ పుస్తకంలో లేదు," అని ఆయన పక్క గదిలోకి వెళ్ళిపోయారు.

మొదటి రోజు తనూజ ఆటలో రెండు గంటలు నడిచాక కరెంటు పోయింది; సేవ్ చేసుకోలేదు కనక నడిచిందంతా పోయింది. రెండో రోజు పటం చూసుకుంటూ సరిగ్గా కుడికి తిరిగి, ఊబిలో పడింది. ఆ పటం వంతెన నుంచి బరికి వెళ్ళేవాళ్ళ కోసం గీసింది. తిరిగి వచ్చేవాళ్ళు ఉంటారని సత్యం అనుకోలేదు కాబోలు. కుడి అన్నచోట ఎడమ అనుకుంటూ, పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని మళ్ళీ బయల్దేరింది. దారిలో ఉప్పు అమ్మేవాడు కనిపిస్తే, దివిటీ పట్టుకున్న మనిషిని చూశావా అని అడుగుదామని ఆగింది. వాడు "ఉప్పు కావాలా?" అన్నాడు. ఎన్నిసార్లు కదిపినా ఉప్పు కావాలా అనే అన్నాడు. వాణ్ణి దాటితే గాలి, తన అడుగుల చప్పుడు, అంతే. చర్చలో ఈ నిశ్శబ్దానికి తను పెట్టిన పేరు 'గాంభీర్యం', ఏడో పాయింటు. ఒకచోట మంచుకొండ వెనక నుంచి హఠాత్తుగా పచ్చటి లోయ కనిపించింది. "ఇటు చూడవే!" అంటూ పక్కకి తిరిగింది. పక్క కుర్చీలో నోటుపుస్తకం ఉంది.

శుక్రవారం సాయంకాలం వంతెన కనిపించింది. దాని అవతలి కొసన, వానలో, దివిటీ ఎత్తి పట్టుకుని గంగులు నిలబడి ఉన్నాడు. ఆగమన్నప్పుడు ఎటు చూస్తున్నాడో అటే చూస్తున్నాడు. అంటే మాస్టారు వెళ్ళిన వైపు. తనూజ దగ్గరికి వెళ్ళి మీట నొక్కింది. తెర అడుగున రెండు మాటలు పడ్డాయి: "వచ్చావా. పద." వాడు వెనకే బయల్దేరాడు, మెల్లగా, అప్పటిలాగే.

మాస్టారు వచ్చి ఆమె వెనక నిలబడ్డారు.

"ఒక్క మాటైనా అనలేదేం మాస్టారూ? పందొమ్మిదేళ్ళు! నేనైతే కడిగేసేదాన్ని."

"వాడికి రాసిచ్చిన మాటలు అవే. నిలదీసే మాటలు ఎవరూ రాసివ్వలేదు."

తనూజ నోటుపుస్తకం మూసేసింది. కానీ అలవాటు ఊరుకోనివ్వలేదు. "అయితే మెహర్ అన్నదే రైటు. ఐదో భాగమే మేలు. అందులో ఎవరూ ఇలా ఉండిపోరు." పోటీలో గెలిచిన కప్పును తీసి ఎదుటి పక్షం బల్ల మీద పెట్టినట్టు అంది.

"నిజమే. అందులో ఎవరూ ఉండిపోరు," అన్నారు మాస్టారు. "ఎవరి కోసమూ వెనక్కి నడవక్కర్లేదు కూడా."

కింద పిండిమర మళ్ళీ మొదలైంది, నేల అదిరింది. తనూజ ఫోన్ తీసి, తను పెట్టిన పన్నెండో పాయింటును ఒకసారి చదువుకుంది. ఏదో రాయబోయి, కొట్టేసి, ఫోన్ సంచిలో పడేసి లేచింది. తెల్లారితే శనివారం.

"బాబామెట్టలో వాళ్ళ పిన్ని ఇల్లెక్కడో మీకు తెలుసా మాస్టారూ?"

మాస్టారు అద్దాలు తీసి తుడుచుకోసాగారు. ఆ తుడవడం పూర్తయ్యేదాకా తనూజ గుమ్మంలోనే నిలబడింది.

"తెలీదమ్మా," అన్నారాయన. "బాణం గుర్తేమీ ఉండదు. అడుగుతూ వెళ్ళు."