మేకు కొట్టిన పెళ్ళి కేసెట్

మా ఇంట్లో అందరికీ తెలివి ఎక్కువే. వీధిలో ఎవరూ మమ్మల్ని సలహా అడగరు. మా తెలివిని తట్టుకోలేరని నాన్న అంటాడు.

"ఒకరు చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళేరీ ఈ రోజుల్లో? మనమే!" అని మీసం దువ్వుకుంటాడు కూడా. నాన్న పేరు సత్యలింగం. రైస్ మిల్లులో కాటా దగ్గర పని. సాయంత్రాలు ఖాళీగా ఎందుకని, పాత వీడియో కేసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించే వ్యాపారం పెడదామన్నాడు. అన్నయ్య గవర్రాజు ఎక్కడో పాత వీసీఆర్ కొనుక్కొచ్చాడు. ఎలా ఎక్కించాలో ఫోన్లో వీడియోలు చూసి నేను నేర్చుకున్నాను.

అమ్మినవాడు వీసీఆర్‌కి దుమ్ము పడదన్నాడు. అంతే, అమ్మ వరహాలు రోజూ వాకిట్లో చల్లినట్టే దాని చుట్టూ నీళ్ళు చల్లింది. దుమ్ము అణిగింది, వీసీఆర్ కూడా అణిగింది. మళ్ళీ బాగుచేయించి, బోర్డు కట్టి కూర్చున్నాం.

మొదటి బేరం తాయారుగారు. ముప్ఫయ్యేళ్ళ కిందటి పెళ్ళి కేసెట్ పమిటకొంగులో చుట్టి తెచ్చింది.

"ఆదివారం మా పెళ్ళిరోజు, సత్యలింగంగారూ. మా అమ్మ పోయి పదేళ్ళయింది. ఫోటోలన్నిట్లోనూ మూతి బిగించుకునే ఉంటుంది. నవ్వింది ఒక్క దీన్లోనే. మా మనవరాలికి ఆ నవ్వు చూపించాలి. ఇంకో కాపీ లేదు, జాగ్రత్త. ఇంకో మాట, ఇంట్లో వాళ్ళ పెళ్ళి, పరాయివాళ్ళెవరూ చూడకూడదు."

ఆవిడ వెళ్ళాక నాన్న అడిగాడు. "మనం ఆవిడకి చుట్టాలమా?"

"కాదు," అన్నాడు అన్నయ్య.

"అయితే పరాయివాళ్ళమే. మనమూ చూడకూడదు."

ఇంకేముంది, నలుగురం కళ్ళకి తువ్వాళ్ళు కట్టుకుని కూర్చున్నాం. కట్టుకోకముందే కంప్యూటర్లో రికార్డు బటన్ నొక్కాను. అన్నయ్య తడుముకుంటూ వీసీఆర్ మీద ఏదో బటన్ నొక్కాడు. గిర్రున చప్పుడు, తర్వాత బాజాల్లేవు, మాటల్లేవు.

"ఎంత మర్యాదస్తుల పెళ్ళిరా!" అని నాన్న మెచ్చుకున్నాడు.

అమ్మకి ఆగలేదు. పట్టుచీరలు ఏ రంగో చూద్దామని తువ్వాలు కాస్త పైకెత్తింది.

"ఏవండోయ్! బంతిలో కూచున్నవాళ్ళు నోట్లోంచి లడ్డూలు తీసి విస్తట్లో పెట్టేస్తున్నారు!"

"వంట బాగాలేదేమో," అన్నాడు నాన్న.

"వడ్డించినాయన అవన్నీ ఎత్తుకుని వెనక్కి నడుస్తున్నాడండీ! అయ్యో, తలంబ్రాలు తలమీంచి లేచి పళ్ళెంలోకి పోతున్నాయి! అయ్యయ్యో, తాళి విప్పేస్తున్నాడు!"

తువ్వాళ్ళు ఊడదీశాం. నిజమే. తాయారుగారి మెడలోంచి తాళి వచ్చేసింది. "ఆపరా!" అని నాన్న అరిచాడు. అన్నయ్య కంగారులో అదే బటన్ని ఇంకా గట్టిగా నొక్కాడు. పెళ్ళికూతురు వెనక్కి నడుచుకుంటూ గదిలోకి పోయింది. పురోహితుడు పోయాడు, పందిరి పోయింది. చివరికి మొట్టమొదట చూపించే వినాయకుడి బొమ్మ దగ్గర ఆగింది.

"మొదటికొచ్చేసింది," అన్నాడు నాన్న నీరసంగా. "మనింట్లో, మన చేతుల మీదుగా ఆవిడ పెళ్ళి ఊడిపోయింది."

"మరి ఆవిడకి ఇద్దరు పిల్లలు!" అని అమ్మ నోరు నొక్కుకుంది.

ఊడిన పెళ్ళి ఇంట్లో ఉంటే అరిష్టమని అన్నయ్య కంప్యూటర్లోకి ఎక్కిందంతా చెరిపేశాడు. అమ్మ పసుపుతాడు పట్టుకుని పరుగు. వెనక మేం.

తాయారుగారి భర్త శేషగిరిగారు అరుగు మీద గడ్డం గీసుకుంటున్నారు. సగం మొహం నురగ.

"అన్నయ్యగారూ, ఏమీ అడక్కండి. ముందు ఇది కట్టేయండి!"

"ఎవరికమ్మా?"

"మీ ఆవిడకే!"

"మళ్ళీనా!" అంటూ ఆయన నురగతోనే వెనక్కి జరిగారు.

"చూశారా, ఇక్కడా వెనక్కే నడుస్తున్నారు!" అని అమ్మ గొల్లుమంది.

తాయారుగారు లోపల్నించి వచ్చి అంతా విని, "నా కేసెట్ బాగానే ఉందా?" అని ఒక్కటే అడిగింది. మాతో ఇంటికొచ్చి తనే సరైన బటన్ నొక్కింది. బాజాలు మోగాయి. పెళ్ళికూతురు ముందుకే నడిచింది. తాళి పడింది. తలంబ్రాలప్పుడు కుర్ర శేషగిరిగారు చూసుకోకుండా దోసెడు బియ్యం అత్తగారి నెత్తిన పోశారు. ఆవిడ పకపకా నవ్వింది. నిండా రెండు క్షణాలుండదు. తాయారుగారు అక్కడే ఆపేసి కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను.

"ఇది ఎక్కిందా అమ్మాయ్?"

ఎక్కలేదు. చూస్తూ చూస్తూ రికార్డు నొక్కడం మర్చిపోయాను. ఆ తప్పు నాదే, ఇంకెవరి మీదా తోయను.

"పోనీలే. రేపు వెనక్కి తిప్పి, మొదట్నించీ ఎక్కించు. కళ్ళు తెరుచుకునే చెయ్యి," అని కేసెట్ మా దగ్గరే వదిలి వెళ్ళింది. ఊళ్ళో వీసీఆర్ ఉన్నది మాకే మరి.

తెల్లారి నేను లేచేసరికి నాన్న అరుగు మీద కూర్చుని సుత్తి తుడుస్తున్నాడు.

"మళ్ళీ వెనక్కి తిప్పమంటుందేమిటి ఆవిడ?" అన్నాడు. "తెలియక అంది. పాపం, తాళి ఇప్పుడే పడింది. ఇంక ఎవడు తిప్పుతాడో చూస్తాను!"

కేసెట్ నడిమధ్యన, రీలుచుట్టలోంచి దిగేలా, మూడంగుళాల మేకు. ఇవతల కొట్టింది అవతల తేలింది.

ఆదివారం దాన్ని పసుపు కుంకుమల పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళాం. వద్దని నేనూ అనలేదు. నాలుగు రోజులుగా వింటూంటే నాకూ సబబుగానే అనిపించింది. చుట్టాలంతా కుర్చీల్లో ఉన్నారు. మనవరాలు ముందు వరసలో కూర్చుని, "ముత్తమ్మమ్మ ఎప్పుడు నవ్వుతుంది?" అని అడుగుతోంది.

"అమ్మా, మీ పెళ్ళికి ఇంక ఢోకా లేదు," అని నాన్న పళ్ళెం అందించాడు.

తాయారుగారు మేకుని చూసింది. పట్టుకుని లాగి చూసింది. దాంతోపాటు ముక్కలైన రీలు కాస్త బయటికొచ్చింది. మూతి బిగించుకుని నిలబడింది, అచ్చం ఫోటోల్లో వాళ్ళమ్మలాగే.

నాన్న నా చెవిలో అన్నాడు. "చూశావా, లాగితే వచ్చేస్తోంది. ఆవిడకి అదే బెంగ. ఇంటికెళ్ళి ఇంకో రెండు మేకులు పట్రా."

అంతే, పరిగెత్తాను.